దేవదాసు ఎవరిని ప్రేమించాడు?

కిందటి సంవత్సరం మా కళాశాలలో బి.ఏ. విద్యార్థులకు తెలుగు నవలమీద అనువాదాల ప్రభావం గురించి పాఠం చెబుతూ శరత్‌చంద్ర చటోపాధ్యాయను ప్రస్తావించాను. బెంగాలీ రచయితల్లో శరత్‌ను తెలుగువాళ్ళు సొంతం చేసుకున్నంతగా మరెవరినీ చేసుకోలేదనీ, చక్రపాణి వంటివారి అనువాదాల మూలంగా మన మధ్యతరగతి ఇళ్ళలో ఆయన్ను తెలుగు రచయితగానే భావించి చదివిన తరాలు ఉన్నాయనీ చెప్పాను. సంభాషణ సహజంగానే "దేవదాసు" మీదికి పోయింది. పార్వతి దక్కనందువల్ల దేవదాసు తాగుడుకు బానిసై చచ్చిపోయాడని ఒక అబ్బాయి చెప్పాడు. వెనక వరసలో కూచున్న ఒక అమ్మాయి లేచి, "మరి దేవదాసు దక్కకపోతే పార్వతి ఏం చేసింది సార్?" అని అడిగింది.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అంతలో గంట కొట్టారు గనక జవాబు చెప్పవలసిన అవసరం తప్పిపోయింది. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దానికి జవాబు నవలలోనే ఉంది. ఆ నవలను నేను విద్యార్థి దశనించీ ఎన్నోసార్లు చదివాను. ఆ జవాబు ఒక్కసారీ నా కంటపడలేదు. ఎందుకు పడలేదో విచారించుకోవటానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

దేవదాసు కథను మనం రెండు విధాలుగా చదువుతూ వచ్చాం. మొదటిది భావుకుల పద్ధతి. వారి దృష్టిలో దేవదాసు ప్రేమకోసం ప్రాణమిచ్చిన మహాప్రేమికుడు. రెండవది మన అభ్యుదయ విమర్శ పద్ధతి. దాని ప్రకారం దేవదాసు భూస్వామ్య వ్యవస్థ బలిగొన్న యువకుడు. కులగౌరవం, ఆస్తి, తండ్రి పెత్తనం కలిసి అతన్ని చంపాయి. మొదటి పద్ధతిని మనం చాలాకాలం కిందటే ఎగతాళి చేశాం. రెండవదాన్ని మాత్రం పరీక్షించకుండానే ఒప్పుకున్నాం. నిజానికి ఈ రెండు పద్ధతులూ ఒక విషయంలో ఏకీభవిస్తాయి. దేవదాసు దుఃఖమే కథకు కేంద్రమని రెండూ నమ్ముతాయి. మిగిలినవాళ్ళంతా ఆ దుఃఖం చుట్టూ తిరిగేవాళ్ళే. దేవదాసు కూడా సరిగ్గా అలాగే నమ్మాడు. అంటే విమర్శకుడు తనకు తెలియకుండానే తాగుబోతు కళ్ళతో కథను చూస్తున్నాడన్నమాట.

నవలలోని సాక్ష్యం చూద్దాం. శరత్ దీన్ని సుమారు 1900 ప్రాంతంలో, ఇంకా పాతికేళ్ళు నిండని వయసులో రాశాడు. అచ్చులో వచ్చింది 1917లో. దాన్ని ప్రచురించటానికి ఆయన చాలాకాలం సుముఖంగా లేడు. అయినా ఆ చిన్న వయసులోనే ఆయన చూపు ఎంత నిశితమైనదో నవల మొదటి ప్రకరణాలే చెబుతాయి. బడిలో తోటి పిల్లవాణ్ణి సున్నపు గుట్టలోకి తోసి పారిపోయిన దేవదాసు తోటలో దాక్కుని హుక్కా పీలుస్తుంటాడు. పార్వతికి ఆ చోటు తెలుసు. కొంగున మరమరాలు కట్టుకుని పోయి అతనికి పెడుతుంది. ఆమె ఇంకా చిన్నపిల్ల. ఇంకోసారి దేవదాసు కొట్టిన దెబ్బల గుర్తులు కనబడితే, పంతులు కొట్టాడని ఇంట్లో అబద్ధం చెబుతుంది.

పార్వతి ఇంకా అతనికి దక్కకుండా పోలేదు. విరహం లేదు, భగ్నప్రేమ లేదు. అయినా ముగ్గురు పాత్రధారులూ తమతమ స్థానాల్లో అప్పటికే కుదురుకున్నారు: నిప్పుతో పొగతో తన్ను తాను ఓదార్చుకునే పిల్లవాడు, అతని తప్పును కప్పిపుచ్చి అన్నం మోసుకుపోయే పిల్ల, వాడు జమీందారు కొడుకు గనక చూసీ చూడనట్టుండే ఊరు. తరవాత హుక్కా పోయి సీసా వచ్చింది. మరమరాలు పోయి కన్నీళ్ళు వచ్చాయి. అంతే తేడా. ప్రేమ విఫలమైనందువల్ల తాగుడు వచ్చిందనే సూత్రం ఈ సాక్ష్యం ముందు నిలవదు.

యౌవనంలో జరిగిందేమిటి? పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా అతని గదికి వచ్చి, నీ పాదాల దగ్గర చోటిమ్మని అడిగింది. ఆ కాలపు పల్లెటూరి బ్రాహ్మణ కన్యకు అంతకంటే పెద్ద సాహసం లేదు. ఆ రాత్రి ఆమె ఒడ్డినది తన సర్వస్వం. అతను తండ్రిని ఒకసారి అడిగాడు. తండ్రి కాదనగానే కలకత్తా పోయి, నీమీద నాకంత గాఢమైన ప్రేమ ఉన్నట్టు ఎన్నడూ తోచలేదనే అర్థం వచ్చేట్టు ఉత్తరం రాశాడు. ఆమె వంశం తక్కువదని ఎత్తి చూపటం కూడా మరవలేదు. ఉత్తరం పోస్టులో వేసింతరవాత పశ్చాత్తాపపడి ఊరికి తిరిగివచ్చాడు. ఈసారి పార్వతి కాదన్నది. తనకూ అభిమానం ఉన్నదని చెప్పింది. అప్పుడు అతను చేసిన పని, చేతిలో ఉన్న గాలపుకర్రతో ఆమె నుదుట కొట్టటం.

ఈ దెబ్బను మన పాఠకులు ప్రేమచిహ్నంగా చదివారు. పార్వతి కూడా తరవాత ఆ మచ్చను ఓదార్పుగా దాచుకున్నది. కాని ఆ క్షణంలో జరిగింది స్పష్టమే. ఆమె అతనితో మొదటిసారి తన సొంత మాట మాట్లాడింది. అతను ఆ మాటను భరించలేకపోయాడు. ఆమె కన్నీళ్ళు భరించగలడు, ఆమె సేవ భరించగలడు, ఆమె ఆత్మాభిమానాన్ని మాత్రం భరించలేడు.

మనస్తత్వశాస్త్రజ్ఞులు నార్సిసిజం అని పిలిచే లక్షణం ఇదే. తెలుగులో ఆత్మానురాగం అందాం. 1914లో ఫ్రాయిడ్ దీన్ని గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. పేరు మాత్రం పాత కథలోది. నీళ్ళలో తన ప్రతిబింబాన్ని చూసి మోహించి, దాన్ని వదలలేక అక్కడే కృశించిన యువకుడు నార్సిసస్. ఓవిడ్ కవి చెప్పిన కథలో ఎకో అనే వనదేవత కూడా ఉంది. ఆమెకు శాపం ఉంది: తనంతట తాను మాట్లాడలేదు, ఎదుటివాడి చివరి మాటలు తిరిగి పలకగలదు, అంతే. ఆమె నార్సిసస్‌ను ప్రేమించి, తిరస్కారం పొంది, శరీరం కరిగిపోయి వట్టి ప్రతిధ్వనిగా మిగిలింది. నార్సిసస్ పేరు అందరికీ తెలుసు. ఎకో ఏమైందని అడిగేవాళ్ళు తక్కువ. మా క్లాసులో ఆ అమ్మాయి అడిగింది ఆ ప్రశ్నే.

ఆత్మానురాగమంటే తనను తాను ఎక్కువగా మెచ్చుకోవటమని పొరబడకూడదు. తనను తాను అసహ్యించుకునేవాడు కూడా ఆత్మానురాగి కావచ్చు. అతను చూసేది గాయాన్నయినా అద్దంలో కనిపించేది తన ముఖమే. ఎదుటి మనిషికి తనదంటూ ఒక ఆకలీ, ఒక నొప్పీ ఉంటాయనేది అతని అనుభవంలోకి రాదు. వ్యసనం కూడా మనిషిని క్రమేణా ఈ స్థితికే తెస్తుంది. భార్య మెడలో గొలుసు, పిల్లవాడి ఫీజు, స్నేహితుడి నమ్మకం అన్నీ సీసా దగ్గరికి పోయే దారులుగా మారతాయి. అంచేత ఈ రెండూ ఒకదాన్ని ఒకటి పెంచుతాయి. తన బాధే లోకంలో పెద్దదనుకునేవాడికి తాగటానికి నెపం కావాలంటే వెతుక్కోనక్కరలేదు. తాగేవాడికి తన బాధ రోజురోజుకూ ఇంకా పెద్దదిగా కనిపించక తప్పదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తాగేవాళ్ళందరూ ఆత్మానురాగులని నేననటం లేదు. వ్యసనం జబ్బు అనీ, దానికి చికిత్స ఉన్నదనీ వైద్యులు చెబుతున్నారు. అది నిజం. జబ్బుపడ్డవాణ్ణి నీతులు చెప్పి బాగుచెయ్యలేం. నా ఆక్షేపణ జబ్బుమీద కాదు, ఆ జబ్బుకు మనం కట్టిపెట్టిన కిరీటం మీద.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. పార్వతి ఏం చేసింది? హాతీపోతా జమీందారు భువన చౌదరి రెండో భార్యగా, ఇంచుమించు తన ఈడు పిల్లలున్న ఇంట్లో అడుగు పెట్టింది. కోపంతో ఉన్న సవతి కూతురు యశోదకు తన నగలన్నీ తొడిగి ఆమె మనసు గెలుచుకున్నది. ఇల్లు చక్కబెట్టింది. వచ్చేపోయేవాళ్ళకూ దిక్కులేనివాళ్ళకూ అన్నం పెట్టింది. ఆమె దుఃఖం దేవదాసు దుఃఖం కంటే తక్కువదని నవలలో ఎక్కడా లేదు. పైగా ఆమెకు తప్పించుకునే దారి ఒక్కటీ లేదు. ఒకే దెబ్బ ఇద్దరికీ తగిలింది. ఒకరు పనిచేశారు, ఒకరు తాగారు. దుఃఖం ఇద్దరిదీ, దుఃఖించే తీరిక ఒక్కడిది.

ఆ తీరిక ఎక్కణ్ణించి వచ్చింది? మన అభ్యుదయ విమర్శ అడగవలసిన ప్రశ్న ఇది. భూస్వామ్య వ్యవస్థ దేవదాసుకు పార్వతిని దక్కనివ్వలేదని చెప్పి ఊరుకున్నాం. అదే వ్యవస్థ అతనికి కలకత్తాలో ఇల్లు, ఖర్చుకు డబ్బు, వెంట కనిపెట్టుకుని ఉండే నౌకరు ధర్మదాసును కూడా ఇచ్చిందని మరచిపోయాం. 1793లో కారన్‌వాలిస్ చేసిన శాశ్వత పరిష్కారం బెంగాలులో జమీందారీ వర్గాన్ని స్థిరపరిచింది. రైతు కట్టిన శిస్తుమీద బతికే కుటుంబాలు ఊళ్ళలో లేచాయి. వాటి పిల్లలు పట్నంలో ఖర్చుపెట్టారు. తండ్రి పోయింతరవాత దేవదాసు వాటాకు వచ్చిన ఆస్తి కరిగి సీసాల్లోకి పోయింది. ఆ సీసా ఎవరి చెమటతో నిండిందో నవలలో దేవదాసు ఒక్కసారీ ఆలోచించలేదు. అతను వ్యవస్థకు బలి అయినమాట ఎంత నిజమో, వ్యవస్థ ఫలాన్ని చివరి చుక్కదాకా తాగినమాట కూడా అంతే నిజం.

చంద్రముఖి విషయం ఇంకా విచారించదగ్గది. వేశ్య అని ఆమెను అసహ్యించుకుంటూనే దేవదాసు ఆమె ఇంట్లో కూచుని తాగాడు. ఆ అసహ్యాన్నే ఆమె నిజాయితీగా భావించి, వృత్తి మానుకుని పల్లెటూరు చేరింది. మళ్ళీ అతన్ని వెతుక్కుంటూ కలకత్తా వచ్చి, వీధిలో తాగి పడి ఉన్నవాణ్ణి ఇంటికి తీసుకుపోయి ఉపచారం చేసింది. ఆమె మారింది. నవలలో నిజంగా మారిన మనిషి ఆమె ఒక్కతే. అతని అవసరం కోసం ఆమె మారిందేగాని, ఆమె అవసరం ఏమిటని అతను అడగలేదు. ఇద్దరు స్త్రీలూ కలిసి అతని పతనానికి రెండు గోడలుగా నిలబడ్డారు. ఆ గోడల మధ్య పతనం కూడా సుఖంగానే సాగింది.

తాగుడు మానమని పార్వతి బతిమాలిన ఘట్టం చూడండి. మానతానని మాటివ్వలేదు. చచ్చిపోయేముందు నీ గుమ్మానికి వస్తానని మాత్రం మాటిచ్చాడు. రైలులో ధర్మదాసు నిద్రపోతుండగా పాండువా స్టేషనులో దిగి, ఎడ్లబండిమీద హాతీపోతా చేరి, ఆ మాట నిలుపుకున్నాడు. పార్వతి కోరింది అతనికి సేవచేసే అవకాశం. అతను వచ్చింది సేవకు మించిపోయిన తరవాత, ఏడవటానికి మాత్రం సరిపోయే సమయానికి. ఆ చావు చదివి నేను చాలాసార్లు ఏడ్చాను. ఇప్పుడు కూడా ఆ బండి ప్రయాణం చదివితే గొంతు పట్టుకుంటుంది. అతని బాధ నటన కాదు. కాని ఆ చావు పార్వతి ఇంటి ముందు జరగటంవల్ల తరవాత ఆ ఇంట్లో ఆమె బతుకు ఏమవుతుందని అతను అనుకున్నట్టు ఎక్కడా కనబడదు.

ఇదంతా శరత్ రాసిందే. నేను కల్పించింది కాదు. చివర్లో కథకుడు దేవదాసుకోసం పాఠకుల జాలి అడుగుతాడు. ఆ జాలి సరైనదే. జాలి వేరు, ఆరాధన వేరు. శరత్ మనల్ని జాలి అడిగాడు. మనం హారతి ఇచ్చాం.

ఈ హారతి పళ్ళెం తెలుగునాట సినిమా చేతికి వచ్చింది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన "దేవదాసు" గొప్ప చిత్రం. సుబ్బరామన్ సంగీతాన్నీ ఘంటసాల గొంతునూ కాదనటానికి నాకు నోరు రాదు. కాని పాటలు పాడుకోవటంతో విషయం ఆగలేదు. దేవదాసు అనేది మన భాషలో ఒక నామవాచకం అయింది. గడ్డం, శాలువ, సీసా, పక్కన కుక్క. ఎవరైనా కుర్రాడు నాలుగు రోజులు గడ్డం గీసుకోకపోతే "ఏరా దేవదాసూ" అంటాం. నాలుగు రోజులు అన్నం మానిన ఆడపిల్లను "ఏమే పార్వతీ" అని ఎవరూ అనరు. ఆమె దుఃఖానికి భాషలో పేరే లేదు.

నేనూ ఒకప్పుడు ఆ గడ్డం పెంచినవాణ్ణే. అంచేత సొంత ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా మేనమామ ఒకాయన కోరిన పిల్లతో పెళ్ళి కాలేదని తాగేవాడు. బంధువులంతా ఆయన్ను మెత్తని మనసున్న మనిషి అనేవారు. ఇంట్లో ఆయన పెళ్ళాడిన మనిషి ఒకామె ఉన్నది. ఆమె కుట్టుమిషను తొక్కి, గేదెను మేపి, ఇద్దరు పిల్లల్ని చదివించింది. మరొక స్త్రీ కానందుకు ఆమెకు ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళ శిక్ష పడింది. మామయ్య పోయినప్పుడు నేను ఆయనమీద ఒక కవిత రాసి పెద్దకర్మనాడు చదివాను. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. అత్తయ్య మాత్రం నన్ను పక్కకు పిలిచి, "బాగుంది నాయనా. మీ మామయ్యకు బాధ కలిగితే తాగాడు. నాకు బాధ కలిగిందని గేదెకు గడ్డి వెయ్యకుండా ఉన్నానా?" అన్నది. ఇంటికి వచ్చి కవిత మళ్ళీ చూసుకున్నాను. అందులో సీసా ఉంది, చందమామ ఉంది, మామయ్య దుఃఖం ఉంది. అత్తయ్య లేదు.

మన సాహిత్యరంగంలో కూడా ఈ జబ్బు ఉన్నది. కవి తాగితే అది ప్రతిభకు గుర్తని కథలు కథలుగా చెప్పుకుంటాం. సమాజపు బాధను మొయ్యలేక తాగాడని సిద్ధాంతం కూడా చేస్తాం. ఆ కవి ఇంటి అద్దె ఎవరు కట్టారో, అర్ధరాత్రి తలుపు ఎవరు తీశారో ఆ కథల్లో ఉండదు. శ్రమ విలువ గురించి ఉపన్యసించే మనం ఇంటిలోని ఈ శ్రమను లెక్కలోకి తీసుకోకపోవటం చిన్న తప్పేమీ కాదు.

కూలివాడి తాగుడును దేవదాసు తాగుడుతో కలిపెయ్యవచ్చునా అని ఎవరైనా అడగవచ్చు. కూడదు. ఒళ్ళు హూనమయ్యే పని, అప్పు, అవమానం ఒకవైపు. ఆబ్కారీ ఆదాయం కోసం ఊరూరా సారా పాకెట్లు పంపిన ప్రభుత్వం మరొకవైపు. అతనికి అద్దం ముందు కూచునే తీరిక లేదు. కాని గుడిసెలో అడుగు పెట్టేసరికి అతనూ ఒక చిన్న జమీందారే. భార్య కూలిడబ్బు లాక్కునే హక్కు తనకున్నదని నమ్ముతాడు. బయట దోపిడికి గురైనవాడు ఇంట్లో దొరతనం చెయ్యటాన్ని వర్గవిశ్లేషణ పేరుతో కప్పిపుచ్చటం పార్వతి చెప్పిన అబద్ధం వంటిదే: పంతులు కొట్టాడని చెప్పటం.

ఈ అబద్ధం చెప్పటం మానేసిన స్త్రీలు మన దగ్గరే ఉన్నారు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు, రాత్రి బడుల్లో చదువుకున్న కూలి స్త్రీలు తమ వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం చదివారు. సారాకు వ్యతిరేకంగా ఊరి ఆడవాళ్ళు కూడగట్టుకున్న కథ అది. తమ బతుకు అచ్చులో కనిపించింది. దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతటా, తరవాత రాష్ట్రమంతటా పాకింది. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. ఖజానాకు కూడా వ్యసనం ఉంటుందని అప్పుడు తేలింది.

నిషేధం నిలిచిందా లేదా అనేది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ స్త్రీలు చేసిన పనిలో ఒక సాహిత్య సత్యం ఉన్నది. పార్వతి ఒంటరిగా దేవదాసును బతిమాలింది. దూబగుంటవాళ్ళు నలుగురూ కలిసి దుకాణం తలుపు దగ్గరికి పోయారు. తమ ప్రేమలో లోపం ఉన్నందువల్ల మొగుళ్ళు తాగుతున్నారనుకోలేదు. 1951లో అమెరికాలో తాగుబోతుల భార్యలూ బంధువులూ పెట్టుకున్న అల్‌-అనాన్ సంఘం కూడా ఇదే చెబుతుంది: ఆ వ్యసనాన్ని నువ్వు తెచ్చిపెట్టలేదు, నువ్వు అదుపు చెయ్యలేవు, నువ్వు నయం చెయ్యలేవు. ఇంటిలోని మనిషి భుజంమీదనించి ఆ బరువు దించినప్పుడే ఆమెకు తన మాట తనకు వినిపిస్తుంది. శాపం విడిచిన ఎకో మొదట ఏం మాట్లాడుతుందో ఊహించవలసిన పనిలేదు. నెల్లూరు పల్లెల్లో మాట్లాడింది.

దేవదాసును చదవవద్దని నేననటం లేదు. మళ్ళీ చదవాలి. పాఠశాలల్లో, కళాశాలల్లో చదివించాలి. చదివేటప్పుడు తోటలో హుక్కా పీల్చే పిల్లవాడి దగ్గర ఆగిపోకుండా, కొంగున మరమరాలు కట్టుకుని ఎండలో నడిచివచ్చిన పిల్లను కూడా చూడాలి. ఆమెకు ఆకలి వేసిందా అని అడగాలి.

ఈ సంవత్సరం ఆ పాఠం మళ్ళీ చెప్పాను. గంట కొట్టకముందే ఆ ప్రశ్న నేనే వేశాను. ఈసారి క్లాసు నవ్వలేదు.